పట్టుమగ్గం నుంచి గణనయంత్రం దాకా

శ్రీ సత్యసాయి జిల్లాలో బత్తలపల్లికి పొరుగున ఉన్న ధర్మవరం పట్టుచీరలకు పేరెన్నికగన్నది. అక్కడి నేతకు తోడైన జాకార్డు యంత్రానికీ నేటి కంప్యూటరుకూ గల బంధుత్వం సాంకేతిక చరిత్రలో విలువైన అధ్యాయం.

ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మారీ జాకార్డ్ 1804లో రూపొందించిన ఈ సాధనంలో, వరుసగా కుట్టిన అట్టలు ఒక్కొక్కటిగా సూదుల ముందుకు వస్తాయి. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది దూరగా, దానికి చెందిన కొక్కెం పడుగు పోగులను, అనగా నిలువు దారాలను, పైకెత్తుతుంది. రంధ్రం లేనిచోట అవి కిందనే ఉండిపోతాయి. పైకి లేచిన పోగులకూ కింది పోగులకూ నడుమ ఏర్పడిన ఎడంలోంచి పేక, అనగా అడ్డదారం, సాగినకొద్దీ అంచునా కొంగునా నమూనా రూపుదిద్దుకుంటుంది.

రంధ్రం ఉండటం, లేకపోవటం అనే రెండు స్థితులతోనే ఆదేశాలను నిలుపవచ్చునని గ్రహించిన చార్లెస్ బాబేజ్, 1830లలో తలపెట్టిన విశ్లేషణ యంత్రమనే గణనయంత్రానికి ఇటువంటి అట్టలనే ఎంచుకున్నాడు. హెర్మన్ హొలెరిత్ 1890 నాటి అమెరికా జనగణనలో చిల్లుల అట్టలను విద్యుత్తుతో చదివించాడు. అతడు స్థాపించిన సంస్థ 1911లో మరికొన్నింటితో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు పొందింది.

ఎలక్ట్రానిక్ జాకార్డులో అట్టలు తొలగిపోయి, కంప్యూటరుపై గీసిన నమూనాయే విద్యుదయస్కాంతాల ద్వారా కొక్కేలను నడుపుతుంది. మగ్గం నుంచి బయలుదేరిన ఆలోచన ఆ విధంగా మగ్గానికే తిరిగివచ్చింది. కనుక కంప్యూటరు చరిత్రలో తొలి పుట నేతవిద్యకే చెందుతుంది.