పాత పీఎస్2 గేమ్స్ మళ్లీ ఆడాలనుందా? తక్కువ బడ్జెట్‌లో చిన్న పీసీ కొనే ముందు ఇవి చూసుకోండి

సిరికొండ (నిజామాబాద్): దుబాయ్ నుంచి నాన్న తెచ్చిన ప్లేస్టేషన్ 2 అటక మీద ఉంది. లెన్స్ పోయింది, డిస్క్ చదవడం లేదు. గేమ్ డిస్కులు మాత్రం డబ్బాలో భద్రంగా ఉన్నాయి. గల్ఫ్ వలస ఎక్కువగా ఉన్న సిరికొండ, ఆర్మూర్, బోధన్ వైపు ఇలాంటి ఇళ్లు చాలానే కనిపిస్తాయి. ఆ గేమ్స్ మళ్లీ టీవీలో ఆడాలంటే కొత్త కన్సోల్ అక్కర్లేదు. ఓ చిన్న కంప్యూటర్, అందులో ఎమ్యులేటర్ ఉంటే చాలు.

అయితే ఏ కంప్యూటర్ అన్న దగ్గరే చాలామంది బోల్తా పడుతున్నారు. హైదరాబాద్ దాకా వెళ్లి మిషన్ తెచ్చుకున్నాక గేమ్ నత్తనడక నడిస్తే, మార్చుకోవడానికి మళ్లీ ఓ రోజు పోతుంది. అందుకే ఏం చూసి కొనాలో ముందే తెలుసుకుందాం.

పాత గేమ్‌కు అంత పవర్ ఎందుకు?

పీఎస్2 వచ్చింది 2000లో. దాని ప్రాసెసర్ వేగం 300 మెగాహెర్ట్జ్ కూడా లేదు. మరి ఇప్పటి కంప్యూటర్‌కు అదెంత పని అనిపిస్తుంది కదా? చిక్కు ఏంటంటే, పీఎస్2 భాష వేరు, మన కంప్యూటర్ భాష వేరు. ఎమ్యులేటర్ చేసేది లైవ్‌లో అనువాదం. మీటింగ్‌లో ఢిల్లీ నాయకుడి హిందీని పక్కనే నిలబడి తెలుగులోకి చెప్పే మనిషి లాంటిదన్నమాట. ఆయన తడబడితే సభంతా ఆగాల్సిందే. గేమ్ కూడా అంతే. ఆటా, సౌండూ రెండూ సాగిపోతాయి.

ఈ అనువాదంలో ఎక్కువ భాగం ఒకదాని తర్వాత ఒకటిగా జరిగే పని. అందుకే నెమ్మదైన ఎనిమిది కోర్ల కంటే వేగమైన నాలుగు కోర్లు మేలు. కొనే ముందు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

మన హైదరాబాద్ గేమ్స్ కూడా పీఎస్2లోనే

పీఎస్2 గురించే ఎందుకింత చెప్పుకుంటున్నామంటే, దానికి మన దగ్గర ఓ చరిత్ర ఉంది. 2009లో వచ్చిన 'హనుమాన్: బాయ్ వారియర్' గేమ్‌ను తయారు చేసింది హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్. పూర్తిగా ఇండియాలో తయారైన తొలి ప్లేస్టేషన్ గేమ్‌గా దానికి పేరుంది. హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర మన వీధి ఆటలతో 'దేశీ అడ్డా' తెచ్చింది. 2013 నాటికి సోనీ పీఎస్2 తయారీ ఆపేసింది. ఇంట్లో పాత కన్సోల్ పాడైతే ఈ డిస్కులు ఇక షోకేస్‌లో పెట్టుకోవడానికే. వాటిని మళ్లీ ఆడించే దారి ఎమ్యులేటరే.

ముందు గేమ్ తేల్చుకోండి, తర్వాతే మిషన్

మారియో, కాంట్రా లాంటి 8-బిట్ గేమ్స్, సెగా, ప్లేస్టేషన్ 1: వీటికి ఏ పాత డెస్క్‌టాప్ అయినా సరిపోతుంది. రాస్‌ప్‌బెర్రీ పై 4 కూడా చాలు.

నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్, పీఎస్పీ: రాస్‌ప్‌బెర్రీ పై 5, ఇంటెల్ ఎన్100 ఉన్న మినీ పీసీ, ఆరో తరం ఐ5.. ఏదైనా పనిచేస్తుంది.

పీఎస్2, గేమ్‌క్యూబ్: ఇక్కడే అసలు పరీక్ష. కనీసం ఎనిమిదో తరం ఐ5 ఉంటే నిశ్చింత.

పీఎస్3: ఈ బడ్జెట్‌లో ఆ ఆశ వదిలేయండి.

ఏది కొనాలి?

రాస్‌ప్‌బెర్రీ పై 5: 2023లో వచ్చింది. చేతిలో పట్టేంత బోర్డు, కరెంట్ ఖర్చు చాలా తక్కువ. కానీ పీఎస్2 ఎమ్యులేటర్ పీసీఎస్ఎక్స్2 ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్ల కోసం తయారైంది. రాస్‌ప్‌బెర్రీ పై వాడేది ఏఆర్ఎమ్ చిప్. కాబట్టి పీఎస్2 కోసమైతే ఇది వద్దు. పైగా బోర్డుతో పాటు అడాప్టర్, కేస్, ఫ్యాన్, మెమరీ కార్డు అన్నీ విడిగా కొనాలి. మొత్తం కలిపి చూస్తేనే అసలు ధర తెలుస్తుంది.

ఇంటెల్ ఎన్100 మినీ పీసీ: నాలుగు కోర్లు, 3.4 గిగాహెర్ట్జ్ దాకా వేగం. చిప్ డిజైన్ పవర్ 6 వాట్లే. కొత్తది, వారంటీతో దొరుకుతుంది. తేలికపాటి పీఎస్2 గేమ్స్ లాగిస్తుంది, బరువైనవాటి దగ్గర ఆయాసపడుతుంది.

సెకండ్ హ్యాండ్ ఆఫీస్ మినీ పీసీ: తక్కువ ఖర్చులో పీఎస్2కు సరైన దారి ఇదే. డెల్ ఆప్టిప్లెక్స్ 3060 మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4 మినీ, లెనోవో థింక్‌సెంటర్ ఎమ్720క్యూ టైనీ.. ఇవి లావుపాటి పుస్తకమంత ఉంటాయి. ఐ5-8500టీ ఉన్నది దొరికితే వదలొద్దు. ఆరు కోర్లు, 3.5 గిగాహెర్ట్జ్ దాకా వేగం. చివర ఉన్న 'టీ' అంటే 35 వాట్ల రకం.

గ్రాఫిక్స్ ఇంకాస్త కావాలంటే రైజెన్ 5 2400జీఈ ఉన్న మినీ పీసీ కోసం అడగండి. అందులోని వేగా 11 గ్రాఫిక్స్, ఇంటెల్ యూహెచ్‌డీ 630 కంటే మెరుగు.

ఇవి మార్కెట్‌లో ఎక్కువగా దొరకడానికీ కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏడో తరం, అంతకు ముందు ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఏవీ విండోస్ 11 జాబితాలో లేవు. దీంతో ఆఫీసులు పాత మిషన్లను వదిలించుకుంటున్నాయి. మనం గేమ్స్‌కు బటోసెరా లాంటి ఉచిత లైనక్స్ సిస్టమ్ వాడుకోవచ్చు కాబట్టి విండోస్ గొడవే లేదు.

'ఐ7 ఉంది సార్' అంటే పడిపోవద్దు

ఐ7 అన్న పేరు చూసి మోసపోవద్దు. వెనక ఉన్న అంకె చూడండి. ఐ7-2600 అంటే రెండో తరం, 2011 నాటిది. ఐ3-8100 అంటే ఎనిమిదో తరం. మన పనికి ఆ ఐ7 కంటే ఈ ఐ3నే నయం. పీసీఎస్ఎక్స్2 బాగా నడవడానికి ఏవీఎక్స్2 అనే సదుపాయం ఉండాలని సూచిస్తారు. ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో అది వచ్చింది నాలుగో తరం నుంచే.

ర్యామ్, స్టోరేజ్ సంగతి

8 జీబీ ర్యామ్ సరిపోతుంది. అయితే ఒక్క 8 జీబీ ముక్క కంటే రెండు 4 జీబీ ముక్కలు మేలు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు దారులుంటే వేగం పెరుగుతుంది. ర్యామ్ ధరలు బాగా పెరిగిన రోజులివి. అందుకే ర్యామ్, ఎస్ఎస్డీ రెండూ ఉన్న మిషనే తీసుకోండి. పీఎస్2 డీవీడీ గేమ్ చాలావరకు ఒక్కోటి 4.7 జీబీ దాకా ఉంటుంది. ఆ లెక్కన 256 జీబీలో దాదాపు 50 పడతాయి. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసేటప్పుడు ఎఫ్ఏటీ32 ఫార్మాట్ ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోండి.

షాపులోనే ఇవి చెక్ చేయండి

అడాప్టర్: మిషన్‌తో వచ్చిన కంపెనీ అడాప్టరే కావాలి. కొన్ని మోడళ్లు వేరే అడాప్టర్ పెడితే ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తాయి.

టీవీ కనెక్షన్: కొన్ని ఆఫీస్ మిషన్లలో డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటుంది. హెచ్‌డీఎమ్ఐ కేబుల్ మార్పిడి ముందే తీసుకోండి.

వైఫై, బ్లూటూత్: కార్డు, యాంటెనా ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వైర్ ఉన్న యూఎస్‌బీ కంట్రోలరే దిక్కు.

అన్నిటికంటే ముఖ్యం: ఇంటి దగ్గరే బటోసెరా, మీ గేమ్ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వెళ్లండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, నిజామాబాద్‌లో కొన్నా షాపులోనే దాన్నుంచి బూట్ చేయించండి. డెల్, లెనోవోలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాలి. షాపువాళ్ల విండోస్‌కు ఏమీ కాదు. 20 నిమిషాలు ఆడి చూడండి. వేగం 100 శాతం దగ్గర నిలబడుతోందా? ఫ్యాన్ గోల పెడుతోందా? వేడెక్కాక గేమ్ తడబడుతోందా? తేలిపోతుంది.

కరెంట్ బిల్లు ఎంత?

ఆడేటప్పుడు 30 వాట్లు అనుకున్నా, రోజుకు 2 గంటల చొప్పున నెలకు 1.8 యూనిట్లే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దానికి కలపండి. సేవ్ అవుతుండగా కరెంట్ పోతే ఆ ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది.

'పది వేల గేమ్స్' స్టిక్‌తో జాగ్రత్త

ఆన్‌లైన్‌లో వేల గేమ్స్ ఉన్నాయంటూ అమ్మే స్టిక్‌లలోని గేమ్స్‌కు సాధారణంగా లైసెన్స్ ఉండదు. వాటి చిప్ కూడా పీఎస్2ను మోయలేదు. ఎమ్యులేటర్ వాడటం వేరు, గేమ్‌ను దొంగ కాపీ దింపుకోవడం వేరు. చట్టబద్ధంగా కొన్న ప్రోగ్రామ్ పాడవకుండా బ్యాకప్ తీసుకునే వెసులుబాటు 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో ఉంది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ పెట్టి మీ సొంత డిస్క్ నుంచే ఐఎస్‌ఓ ఫైల్ తీసుకోండి. పీసీఎస్ఎక్స్2కు పీఎస్2 బయోస్ ఫైల్ కూడా కావాలి. దాన్ని మీ కన్సోల్ నుంచే తీసుకోవాలి. అందుకే లెన్స్ పోయిందని అటక మీది ప్లేస్టేషన్‌ను పాత సామాన్ల వాళ్లకు వేసేయకండి. కొత్త పెట్టెకు ప్రాణం పోసేది ఆ పాత పెట్టే!