మీరేమిట్లు?

రండి, మెట్ల మీద జాగ్రత్త, చివరిది ఎత్తుగా ఉంది. మధ్యాహ్నం మూడు దాటినా బెజవాడ ఎండ తగ్గలేదు. పిట్టగోడకి టు లెట్ బోర్డు కట్టారు. ఇంటావిడ తాళాల గుత్తితో వచ్చి తలుపు తీసింది. రెండు గదులు, కడప బండ పరిచిన వంటగట్టు, వెనక బట్టలారేసుకునే తీగ. గాలి బాగా వస్తోంది. ఆవిడే లోపలికెళ్లి స్టీలు గ్లాసుతో చల్లటి నీళ్లు తెచ్చిచ్చింది. అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు, మోటారు వేసే వేళలు, అన్నీ కుదిరాయి. అప్పుడు అడిగింది.

"ఇంతకీ మీరేమిట్లు బాబూ?"

ఈ ప్రశ్నకి ఇక్కడ ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. ఇంటిపేరు అడిగినా, ఊరు అడిగినా తేలనప్పుడు ఇది వస్తుంది. కులం అన్న మాట మాత్రం నోట రాదు.

"మాలలం అమ్మా."

గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆవిడ చూపు దాని మీదికి వెళ్లొచ్చింది. ఒక్క క్షణమే, మీరూ చూశారు.

"మా వారిని అడిగి ఫోన్ చేస్తాను."

అక్కణ్నుంచి ఆటో ఎక్కి బందరు రోడ్డులో దిగుదాం. ఇది స్వరాజ్ మైదానం. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్, 2024 జనవరిలో ఆవిష్కరించారు. నీడ ఉంది, కాసేపు కూర్చోండి. ఈ ఊళ్లో కులం మాట ఎత్తినవాళ్లలో నేను మొదటివాణ్ని కాను. 1917 నవంబరులో ఈ ఊళ్లోనే పంచముల సభ పెట్టారు. అంటరానివాళ్లని అప్పట్లో అలా పిలిచేవారు. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ. పంచములన్న పేరే మాకొద్దు, ఈ నేలకి మేం మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని ఆయన వాదించాడు. ఆ సభే ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. వచ్చినవాళ్లు కొండెక్కి లోపలికి వస్తారేమోనని సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి మూసేశారు. వాళ్లు మాట్లాడటానికి వచ్చారు, ఊరు తాళం వేసింది.

తాళంతో పోతే నయమే. 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర పై కులం వాళ్లు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే, మాదిగలు వద్దని అడిగారు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు, 17న, ఆ పై కులం వాళ్లు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. నీళ్ల గురించి ఒక్క మాట అడిగినందుకు! ప్రాణం దక్కినవాళ్లు చీరాల చేరి మళ్లీ మాట్లాడారు. దళిత మహాసభ ఆ పోరాటంలోంచే పుట్టింది.

ఈ బాధ సముద్రాల అవతలివాళ్లకీ తెలుసు. 1959లో అమెరికా నల్లవాళ్ల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ కేరళలో ఒక బడికి వెళితే, హెడ్‌మాస్టరు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడని దళిత పిల్లలకి పరిచయం చేశాడు. ముందు కింగ్‌కి మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచించి, అవును, నేనూ అంతే అనుకున్నాడు. అమెరికాలో నల్లవాళ్ల కష్టాల గురించి డల్లాస్ నుంచి పిల్లలు చెబితే మన ఇళ్లల్లో శ్రద్ధగా వింటారు. వినాల్సిందే. అదే మన మాలపల్లె గురించి ఎత్తితే "ఇప్పుడెవరు పాటిస్తున్నారండీ" అని లేచిపోతారు. ఆ లేచిపోవడమే నాకు బాధ.

మూడు రోజులైంది, ఫోన్ రాలేదు. ఇంకోసారి వస్తారా నాతో?

బోర్డు అలాగే ఉంది. తలుపు సగమే తెరిచి, "ఇచ్చేశాం బాబూ" అంది ఆవిడ.

"ఇంటి కోసం రాలేదమ్మా. ఆ రోజు మీరు అడిగారు, నేను చెప్పాను. నా జవాబు విన్నాక మీకేమనిపించిందో మీరు చెప్పలేదు. అది అడుగుదామనే వచ్చాను."

లోపల కుక్కర్ కూత వేసింది. ఆవిడ వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చింది. వీధిలోకి అటూ ఇటూ చూసి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది. లోపల కాదు, వరండాలో. కూర్చున్నాను. తాళాల గుత్తిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూసింది.

"మా నాన్నగారింట్లో పాలేరు ఉండేవాడు..." అని ఆగింది. "చెబితే మీకు కోపం రాదు కదా?"

"వస్తుందేమో. చెప్పండమ్మా."