చిన్న గాలానికి గట్టి పట్టు

ట్రౌట్ చేపలకు గాలం వేసేవాళ్లలో ఒక వర్గం వానపామునూ పిండిముద్దనూ ముట్టుకోదు. గాలానికే దారం, ఈక, బొచ్చు చుట్టి దాన్ని నీటి మీద వాలే పురుగులా తయారుచేస్తుంది. ఈ పనిని ఈగ కట్టడం అంటారు. కట్టేటప్పుడు గాలం కదలకుండా పట్టుకోవడానికి బల్లకు బిగించే చిన్న వైస్ ఒకటి ఉంటుంది. పెద్ద గాలాన్ని ఏ వైసయినా పట్టుకుంటుంది. అసలు పరీక్ష చిన్న గాలాలతోనే. వీటి నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 28వ నంబరు గాలం బియ్యపు గింజ కంటే చిన్నది, దాని తీగ అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాన్ని జారనివ్వకుండా, విరగనివ్వకుండా, చుట్టూ వేళ్లు ఆడేంత చోటు మిగిల్చి పట్టుకోవడమెలాగన్న ప్రశ్నే ఈ పనిముట్టును మార్చుకుంటూ వచ్చిందని నా అభిప్రాయం. పట్టు అంటే బలమని మొదట్లో అనుకున్నారు. తాకే చోటు సరిగ్గా ఉండాలన్న సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఈగ కట్టడం వైస్ కంటే చాలా పాతది. రోమన్ రచయిత ఏలియన్ సుమారు 1800 ఏళ్ల కిందట మాసిడోనియా జాలర్ల గురించి రాశాడు. వాళ్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, మైనపు రంగున్న రెండు కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారట. 1496లో వెస్ట్‌మినిస్టర్‌లో వింకిన్ డి వర్డ్ అచ్చువేసిన గాలపు వేట గ్రంథంలో పన్నెండు రకాల ఈగలున్నాయి. అందులో నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది గాలం తయారీ. సూదిని నిప్పుల్లో ఎర్రగా కాల్చాలి. చల్లారాక కత్తితో ముల్లు లేపి, మొన నూరాలి. వంచేటప్పుడు విరగకుండా మళ్లీ కాల్చి వంచాలి. చివరగా ఇంకోసారి కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. అతి చిన్న చేపలకు అతి సన్నని సూదులే వాడమంది ఆ పుస్తకం. ఉక్కు గట్టిపడేకొద్దీ పెళుసవుతుంది. సన్నని గాలాన్ని మరీ బిగిస్తే పుటుక్కుమనడానికి కారణం ఆనాడే ఆ నిప్పుల్లో ఉంది.

ఇంతా చెప్పిన ఆ పుస్తకంలో వైస్ ఊసు లేదు. 1676లో ఐజాక్ వాల్టన్ గ్రంథానికి రెండో భాగం రాసిన చార్లెస్ కాటన్ ఈగ కట్టే పద్ధతిని అంచెలంచెలుగా వివరించాడు. ఆయన మొదటి మాటే గాలాన్ని ఎడమచేతి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య గట్టిగా పట్టుకోమని. అప్పటికి వైస్ అంటే వేళ్లే. వేలి కండ మెత్తనిది కాబట్టి తీగ ఎంత సన్నగా ఉన్నా దాని ఆకారానికి ఒదిగిపోతుంది. వైస్‌లో గాలాన్ని నొక్కిపట్టే ఉక్కు దవడకు ఆ గుణం లేదు. ఆ లోటు తీర్చడానికే తర్వాతివాళ్లంతా తంటాలు పడ్డారు.

19వ శతాబ్దం చివర్లో దక్షిణ ఇంగ్లండులోని టెస్ట్, ఇచెన్ నదుల మీద సంగతి మారింది. సుద్దనేలల్లో ఊటల నుంచి పుట్టే ఆ నదుల నీరు అద్దంలా తేటగా ఉంటుంది, చేప తీరిగ్గా చూసి మరీ నోరు తెరుస్తుంది. నీటి మీద తేలే చిన్న ఈగ కావాలి. అంతకుముందు గాలం కాడకు పట్టుపురుగు పట్టుగ్రంథి నుంచి తీసిన తంతును చుట్టి కట్టేవారు. 1879 ప్రాంతంలో హెచ్.ఎస్. హాల్, జి.ఎస్. మారియట్ కలిసి చిన్న గాలానికి తంతు కట్టుకునే బెజ్జం పెట్టించే పని కొలిక్కి తెచ్చారు. 1886లో ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ తేలే ఈగల తయారీపై తన పుస్తకం వెలువరించాడు. బెజ్జమున్న గాలానికి వేలాడే తంతు లేదు, చేత్తో పట్టుకోవడానికి మిగిలేది వంపు ఒక్కటే. ఆ వంపును లోహానికి అప్పగించాలన్న ఆలోచన బలపడటానికి ఇదే కారణమని నేననుకుంటాను.

అయినా చేతులు వెంటనే ఓడిపోలేదు. గ్రే ఘోస్ట్ అనే ఈగతో అమెరికా అంతటా పేరు తెచ్చుకున్న మెయిన్ రాష్ట్రపు క్యారీ స్టీవెన్స్ ఎన్నడూ వైస్ వాడలేదు. ఆమెవి పెద్ద గాలాలు. పేరున్న గాలపు వేటగాడు లీ వుల్ఫ్ మాత్రం 28వ నంబరు గాలాన్ని కూడా వేళ్లతోనే పట్టుకుని ఈగ కట్టి చూపినవాడు. అలాంటి చేయి వేయిమందిలో ఒకరికి ఉంటుంది. మిగతావాళ్లకు పనిముట్టు కావాలి.

ఆ పనిముట్టును సామాన్యుడి బల్ల మీదికి తెచ్చింది ఇల్లినాయ్ రాష్ట్రం ఎల్గిన్ పట్టణానికి చెందిన డి.హెచ్. థాంప్సన్. 20వ శతాబ్దం మొదటి సగంలో వచ్చిన ఆయన మోడల్ ఎ వైస్ దశాబ్దాలపాటు ప్రమాణంగా నిలిచింది. ఒక ఉక్కు కడ్డీ ముందుకొనను నిలువునా చీలిస్తే అవే రెండు దవడలు. కొన దగ్గర లావుగా ఉన్న ఆ కడ్డీ ఒక గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. వెనకున్న మీట నొక్కితే క్యామ్ తిరిగి కడ్డీని లాగుతుంది. లావు భాగం గొట్టం అంచుకు ఒరుసుకుని దవడలు దగ్గరవుతాయి. లేత్ మీద పనిచేసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది, అక్కడి కాలెట్‌దీ ఇదే సూత్రం.

ఈ నమూనాను అనుకరించి మన దేశంలో తయారైన చవక వైస్‌లు అమెరికా, బ్రిటన్ దుకాణాలకు వెళ్లాయి. ఎంతోమంది అక్కడ మొదటి ఈగ కట్టింది వాటి మీదే. మన కోడిపుంజుల మెడతోళ్లు కూడా ఎండబెట్టి ఎగుమతయ్యాయి. చిన్న గాలాలకు సరిపడే పొట్టి ఈకలు వాటిలో దొరికేవి. పుంజు ఈక రంగును బట్టి డేగ, కాకి, నెమలి అని పేర్లు పెట్టుకున్న తెలుగువాళ్లకు ఆ ఈకల మీద పరాయి దేశంలో ఉన్న మోజు వింతగా తోచదు. వైస్ విషయంలో మాత్రం మనకు మంచి పేరు రాలేదని చెప్పక తప్పదు. చవక దవడల ఉక్కు మెత్తనిది. గట్టి గాలం దానిలో గాడి చేస్తుంది, ఆ గాడిలో పడిన చిన్న గాలం ఇక నిలవదు.

ఈలోగా అమెరికాలో గాలాలు ఇంకా చిన్నవయ్యాయి. 1950లో విన్సెంట్ మారినారో తేలే ఈగలపై ఒక పుస్తకం రాశాడు. పెన్సిల్వేనియాలోని కార్లైల్ దగ్గర లెటార్ట్ అనే సున్నపురాతి ఊటవాగులో ట్రౌట్లు పెద్ద పురుగులను వదిలేసి, చీమల్లాంటి, పచ్చదోమల్లాంటి చిన్నచిన్న ప్రాణులను తింటున్నాయని గమనించాడు. వాటిని పోలిన ఈగలకు 20, 22 నంబర్ల గాలాలు కావలసి వచ్చాయి. పుస్తకం మొదట పెద్దగా అమ్ముడుపోలేదు. 1970లో మళ్లీ అచ్చయ్యాక ఒక తరం దాన్ని చదువుకుంది. 1972లో ఎడ్ కోచ్ చిన్న ఈగలకే ఒక పుస్తకం కేటాయించాడు. అమెరికా పశ్చిమాన చిన్న గాలాలకు ఆనకట్టలు ఇంకో కారణమయ్యాయి. న్యూమెక్సికోలో శాన్ వాన్ నది మీద నవాహో డ్యామ్ 1962లో పూర్తయింది. జలాశయం అడుగు నుంచి చల్లని నీరు విడుదలై, దిగువన ట్రౌట్లూ లెక్కలేనన్ని చిన్న పురుగులూ పెరిగాయి. అక్కడ 24, 26 నంబర్లు నిత్యావసరాలు. మోడల్ ఎ దవడలు ఈ గాలాలకు లావయ్యాయి.

గాలం జారడమంటే ఏమిటో ఇక్కడ కాస్త దగ్గరగా చూడాలి. దారం లాగితే గాలం దవడల్లోంచి ఊడివస్తుందని అనుకుంటాం. చిన్న ఈగకు వాడే దారం అతి సన్నం, ఎక్కువ లాగితే అదే తెగుతుంది. కాబట్టి లాగే బలం తక్కువే. జరిగేది వేరు. చుట్టు పడినప్పుడల్లా బెజ్జం వైపు కొద్దిగా కిందికి ఒరుగుతుంది, గాలం పట్టు ఉన్నచోట ఇరుసు మీద తిరిగినట్టు తిరుగుతుంది. దవడలు తీగను ఒక్క బిందువులో తాకితే అది తిరగక మానదు. ఎంత బిగించినా ఆ బిందువు దగ్గర తీగ నలుగుతుందే తప్ప తిరగడం ఆగదు. వంపు పొడవునా కొంతమేర తాకితే తక్కువ బిగింపుకే స్థిరంగా నిలుస్తుంది.

దవడలు ఎక్కడ ముందుగా కలుస్తాయన్నది అందుకే ప్రాణం. పెద్ద గాలానికి సర్దిన వైస్‌లో చిన్నది పెడితే మీట చివరిదాకా వెళ్తుంది, దవడల మధ్య సందు మాత్రం మిగిలే ఉంటుంది. బలం సరిపోలేదనుకుని ఇంకా నొక్కితే దవడ మొన పెచ్చులూడుతుంది. దవడల వెనక భాగం ముందు కలిసి, మొనల దగ్గర వెంట్రుకవాసి ఎడం మిగిలినా ఇదే గతి. దీనికి తోడు చోటు సమస్య. గాలాన్ని లోపలికి దూరిస్తే పట్టు బాగుంటుంది, వేళ్లకు సందు ఉండదు. మొనల చివర పెడితే సందు ఉంటుంది, పట్టు తగ్గుతుంది.

1970ల నుంచి వచ్చిన మంచి వైస్‌లన్నీ ఈ చిక్కుకు తలో దారి వెతికినవే. హెచ్‌ఎంహెచ్ అనే కంపెనీ వారు కాలెట్ పద్ధతినే ఉంచి, దవడలను మార్చుకునే వీలు కల్పించారు. అతి చిన్న గాలాలకు సన్నని మైక్రో దవడ విడిగా ఉంటుంది. రెంజెట్టి అనే కంపెనీ వైస్ దవడలకు ముందు ఒక మర, వెనక ఒక క్యామ్ ఉంటాయి. మర తిప్పి గాలం మందానికి సందు సర్దితే, క్యామ్ వెనక కొసలను ఎడంగా తోసి మొనలను దగ్గర చేస్తుంది. నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచేది ఇదే. బలం పెట్టే చోటూ సందు సర్దే చోటూ ఇందులో వేరయ్యాయి. మసాచుసెట్స్‌కు చెందిన రీగల్‌లో సర్దుబాటే లేదు. స్ప్రింగు బలంతో దవడలు ఎప్పుడూ మూసుకునే ఉంటాయి, పిడి నొక్కితే తెరుచుకుంటాయి. పెద్ద గాలాలకు ఇది అద్భుతం. అతి చిన్నవాటికి మాత్రం సన్నని దవడలున్న రకమే తీసుకోవాలి. కాలిఫోర్నియాలో తయారైన డైనా-కింగ్ దవడల్లో పెద్ద గాలాలకు వెనక గాడి తొలిచి, మొనలను చిన్నవాటికి వదిలారు.

గాలాలూ మారాయి. యంత్రాల మీద తయారయ్యే నేటి గాలాల తీగ మందం ఒకే తీరుగా ఉంటుంది. ఒకసారి సర్దిన వైస్ డజను గాలాలకు సరిపోవడం దానివల్లే. ముల్లు అక్కర్లేదనుకునేవాళ్లు దాన్ని చదునైన పటకారుతో ముందే అణచుకోవాలి. వైస్ దవడలతో అణిస్తే ఆ మొనలకు అదే చివరి రోజు కావచ్చు.

వైస్ కొనాలనుకునేవారికి ఒక మాట. దుకాణానికి వెళ్లేటప్పుడు మీరు కట్టబోయే అతి చిన్న గాలాన్ని వెంట తీసుకెళ్లండి. సందు సర్ది, వంపు కింది భాగాన్ని దవడల మొనల్లో పెట్టి, మామూలు బిగింపుతో మీట వేయండి. బెజ్జాన్ని గోటితో కిందికి నొక్కి వదలండి. తీగ స్ప్రింగులా లేచి యథాస్థానానికి రావాలి. వంగినచోటే ఉండిపోతే అది దవడల్లో తిరిగిందన్నమాట. ధర ఎంతయినా సరే, ఆ వైస్ మీ పనికి రాదు.