బాప్తిస్మం: హీబ్రూ లేఖనాల్లో ముంగుర్తులు

క్రైస్తవ బాప్తిస్మానికి ముంగుర్తులు హీబ్రూ లేఖనాల్లోనే ఉన్నాయని సంఘం తొలి శతాబ్దం నుంచీ బోధిస్తోంది. నోవహు కాలపు జలప్రళయం, ఎర్ర సముద్రాన్ని దాటడం, సున్నతి, నయమాను యొర్దానులో మునగడం వీటిలో ముఖ్యమైనవి. బాప్తిస్మం ఎవరికి ఇవ్వాలి, ఏ వయసులో ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్న ప్రశ్నలకు సంఘాలు ఈ ఘట్టాల్లోనే జవాబులు వెతికాయి. కర్నూలు జిల్లా పడమటి భాగంలోని తుగ్గలి చుట్టుపక్కల పనిచేసిన మిషన్లు కూడా వాటిని చదివిన తీరును బట్టే వేర్వేరు దారులు పట్టాయి.

మూల ఘట్టాలు

ధర్మశాస్త్రంలో నీళ్లది పెద్ద పాత్ర. అహరోనును, అతని కుమారులను యాజకులుగా ప్రతిష్ఠించే ముందు నీళ్లతో కడగాలని నిర్గమకాండము 29వ అధ్యాయం చెబుతుంది. మైల తీరడానికి చేయవలసిన స్నానాలను లేవీయకాండము 15వ అధ్యాయం వివరిస్తుంది. దేవుడు తన ప్రజల మీద శుద్ధజలం చల్లి కొత్త హృదయాన్ని ఇస్తాడని యెహెజ్కేలు 36వ అధ్యాయంలో ఉంది.

రాజుల రెండవ గ్రంథం 5వ అధ్యాయంలోని నయమాను కథ మరింత ఆసక్తికరం. సిరియా సేనాపతి అయిన అతను కుష్ఠు రోగి. యొర్దానులో ఏడుసార్లు స్నానం చేయమని ఎలీషా కబురు పంపితే, దమస్కు నదులు ఇంతకంటే మంచివి కావా అని కోపంతో తిరుగుముఖం పట్టాడు. సేవకులు నచ్చజెప్పాక నీళ్లలోకి దిగాడు. అతని చర్మం పసిబిడ్డ చర్మంలా మారింది.

యేసు కాలానికి

శుద్ధి స్నానాల కోసం కట్టిన మెట్ల కొలనులు యెరూషలేములో, కుమ్రానులో, మసాదాలో తవ్వకాల్లో బయటపడ్డాయి. ఆ స్నానాలు మళ్లీ మళ్లీ చేసేవి, ఎవరికి వారు చేసుకునేవి. బాప్తిస్మమిచ్చు యోహాను మాత్రం మారుమనస్సు కోసం జనాన్ని తన చేతితో యొర్దానులో ముంచాడు. క్రైస్తవ బాప్తిస్మం ఒక్కసారే పొందేదిగా నిలిచింది.

కొత్త నిబంధనలో

ఇశ్రాయేలీయులు మేఘంలోనూ సముద్రంలోనూ బాప్తిస్మం పొందారని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో అన్నాడు. నోవహు ఓడలో ఎనిమిది మంది నీటి ద్వారా రక్షణ పొందడం బాప్తిస్మానికి సాదృశ్యమని పేతురు మొదటి పత్రిక చెప్పింది. కొలొస్సయులకు రాసిన పత్రిక సున్నతిని, బాప్తిస్మాన్ని పక్కపక్కనే నిలిపింది.

సంఘ పితరుల నుంచి సంస్కర్తల వరకు

క్రీ.శ. 200 ప్రాంతంలో టెర్టూలియన్ బాప్తిస్మం మీద ప్రత్యేక గ్రంథమే రాశాడు. సృష్టి ఆరంభంలో దేవుని ఆత్మ అల్లాడిన జలాల నుంచి ఎర్ర సముద్రం దాకా అన్నిటినీ అందులో వరుసగా పేర్కొన్నాడు. నాలుగో శతాబ్దంలో మిలాను బిషప్ ఆంబ్రోస్ కొత్తగా బాప్తిస్మం పొందినవారికి నయమాను కథ వివరించాడు. సిరియాలోని దూరా యూరోపస్‌లో మూడో శతాబ్దపు బాప్తిస్మపు గది గోడల మీద మంచి కాపరితో పాటు ఆదాము, హవ్వ, దావీదు, గొల్యాతుల బొమ్మలు దొరికాయి.

1523లో మార్టిన్ లూథర్ తన బాప్తిస్మ క్రమంలో జలప్రళయాన్నీ ఎర్ర సముద్రాన్నీ ఒకే ప్రార్థనలో తలచాడు. 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథం ఆ రెంటినీ తన క్రమంలో చేర్చుకుంది. అంతకుముందే 1525లో జ్యూరిచ్‌లో శిశు బాప్తిస్మం మీద వివాదం రేగింది. సున్నతి శిశువులకు జరిగేది కనుక బాప్తిస్మమూ శిశువులకు చెల్లుతుందని సంస్కర్త జ్వింగ్లీ వాదించాడు. విశ్వాసాన్ని ఒప్పుకున్నవారికే బాప్తిస్మమని అనాబాప్టిస్టులు తెగేసి చెప్పారు.

తెలుగు నేల మీద

లండన్ మిషన్ 1810లో బళ్లారిలో పని మొదలుపెట్టింది. ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని 1953 వరకు బళ్లారి జిల్లాలోదే. తుగ్గలికి దక్షిణాన ఉన్న గుత్తి కూడా తర్వాత లండన్ మిషన్ కేంద్రమైంది. దేవుని నిబంధన తల్లిదండ్రులతో పాటు బిడ్డలకూ వర్తిస్తుందంటూ వీరు శిశువులకు బాప్తిస్మం ఇచ్చారు. నంద్యాల వైపు ఆంగ్లికన్లదీ శిశు బాప్తిస్మమే. కర్నూలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టులు మాత్రం విశ్వసించినవారినే, అదీ నీళ్లలో ముంచి చేర్చుకున్నారు. ఆంగ్లికన్ల, లండన్ మిషన్ సంఘాల వారసత్వం 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది.

తెలుగువారి బాప్తిస్మ చరిత్రలో మరువరాని రోజు 1878 జూలై 3. ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. 1876-78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పనులు ఇప్పించి అన్నం పెట్టాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయ పనులు ముగిసేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావిని ముట్టనివ్వని సమాజంలో పుట్టినవారికి నదిలోకి దిగి కొత్త సమాజంలో సభ్యులై బయటికి రావడం చిన్న విషయం కాదు. దాస్యం నుంచి సముద్రం దాటిన ప్రజల కథకు ఇంతకంటే దగ్గరి పోలిక తెలుగు సంఘ చరిత్రలో లేదు.

యూదుల దృష్టి

యూదులు ఈ ఘట్టాలను బాప్తిస్మపు గుర్తులుగా చదవరు. వారికి నిర్గమం ఇశ్రాయేలు విమోచన చరిత్ర. మిక్వే అనే శుద్ధి స్నానం నేటికీ వారి ఆచారం. ముంగుర్తు అనేది క్రీస్తును నమ్మినవారు వెనక్కి తిరిగి చూసి గుర్తించిన సంబంధం. ఆ సంబంధాన్ని బోధించేవారు ముందు ఆ అధ్యాయాలను వాటి సొంత అర్థంలో పూర్తిగా చదవాలి. మూల కథకు న్యాయం చేసిన బోధే బాప్తిస్మానికీ న్యాయం చేస్తుంది.