కారు కీ ఒక్కటే, చేసే పనులు మూడు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఆ మెయిన్ రోడ్డు మీద పాత మారుతి 800లు ఇప్పటికీ కనిపిస్తాయి. వీటి తయారీ ఆగిపోయిందే 2014 జనవరిలో. ఇంత పాత బండిలో కీ ఇరుక్కుంటుంది, లేదంటే తిప్పినా స్టార్ట్ కాదు. "లాక్ సెట్ మొత్తం మార్చాలి" అంటాడు మెకానిక్. నిజంగా మొత్తం మార్చాలా? దానికి కొంచెం హిస్టరీ తెలియాలి.

మొదట్లో కారు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పేవాళ్లు. అది ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. 1912 మోడల్ క్యాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. అయినా చాలా ఏళ్లు స్టార్ట్ చేయడానికి విడిగా బటనో పెడలో నొక్కాల్సిందే. కీ తిప్పితే స్టార్ట్ అయ్యే పద్ధతిని 1949లో క్రైస్లర్ తెచ్చింది. తర్వాత దొంగతనాలు ఆపడానికి అమెరికాలో 1970 నుంచి రూల్ వచ్చింది, కీ తీస్తే స్టీరింగ్ లాక్ అవ్వడం మామూలైంది.

అంటే ఒకే కీ వెనక మూడు పనులు చేరాయి. కీ దూరే లాక్, దాని వెనక కరెంటు స్విచ్, పక్కన స్టీరింగ్ లాక్. కీ అసలు తిరగకపోతే ముందు స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ కదిపి చూడండి. అప్పుడూ తిరగకపోతే లాక్ మీద అనుమానం. కీ సాఫీగా తిరిగి, బ్యాటరీ బాగుండి, అయినా కరెంటు రాకపోతే స్విచ్ చెక్ చేయించాలి. చాలా పాత కార్లలో స్విచ్ ఒక్కటే విడిగా మార్చొచ్చు, ఖర్చు తగ్గుతుంది.

"నడుస్తోంది కదా" అని వదిలేయొద్దు. 2014లో జనరల్ మోటార్స్ దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. స్విచ్ వదులుగా ఉండి, తాళాల గుత్తి బరువుకో కుదుపుకో కీ వెనక్కి జారేది. ఇంజిన్ ఆగేది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. 124 మరణాలకు ఆ కంపెనీ పరిహారం ఇచ్చింది.

ఎల్బీనగర్ ఫ్లైఓవర్ మీద వెనక బస్సు వస్తుండగా ఇంజిన్ ఆగితే? అందుకే వైర్లు కలిపి "డైరెక్ట్" చేయించుకోకండి, దొంగకీ అదే దారి. ఇంటి తాళాలు, బీరువా తాళాలు కారు కీ నుంచి తీసేయండి. గ్యారేజీలో మొదటి ప్రశ్న ఇదే అడగండి: "అన్నా, పోయింది లాకా, స్విచ్చా?"