బండి కదిలే ముందు చూడాల్సింది ఎవరు?



మన సంఘంలో లారీ యజమానులు ఉన్నారు, డ్రైవర్లు ఉన్నారు, షెడ్డు నడిపే మెకానిక్కులూ ఉన్నారు. ప్రమాదం జరిగిన మర్నాడు వీళ్లు ముగ్గురూ ఒకరివైపు ఒకరు వేలు చూపిస్తారు. "బండి నీ చేతిలో ఉంది, నువ్వు చూసుకోవద్దా?" అని యజమాని అంటాడు. "బ్రేకు సరిగా లేదని పది రోజుల కిందటే చెప్పానన్నా" అని డ్రైవరు అంటాడు. "నా దగ్గరికి తెస్తేగా!" అని మెకానిక్కు అంటాడు. ముగ్గురూ మనవాళ్లే. అందుకే ఈ బాధ్యత ఎక్కడ మొదలైంది, ఎవరి చేతుల్లోకి మారింది అన్నది ఒకసారి వరసగా చూద్దాం.

మన కోవై ప్రాంతానికి బాగా తెలిసిన పేరుతోనే మొదలుపెడదాం. జి.డి. నాయుడు గారు 1893లో కోవై దగ్గర కలంగల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. కుర్రతనంలో ఒక మోటారు సైకిలు కొని, దాన్ని మొత్తం విప్పి, మళ్లీ బిగించి యంత్రం గుట్టు నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టి, దాన్ని తానే నడిపారు. ఆ రోజు "బండి ఎవరు చూడాలి?" అన్న ప్రశ్నే లేదు. యజమాని, డ్రైవరు, మెకానిక్కు అన్నీ ఆయనే. చక్రం ఊగితే ఆ ఊపు ఆయన చేతికే తెలుస్తుంది, నష్టమూ ఆయనదే.

1933 నాటికి ఆయన బస్సులు 280 అయ్యాయని చెబుతారు. అన్ని బండ్లను ఒక్క మనిషి పొద్దున్నే చూడలేడు. డబ్బు ఒకరిది, స్టీరింగు మరొకరిది, స్పానరు ఇంకొకరిది అయ్యాయి. మన దేశంలో మోటారు రవాణా అంతటా జరిగింది ఇదే. చూసే కన్ను, ఖర్చు పెట్టే చెయ్యి వేరయ్యాయి. పేచీ అంతా ఆ సందులోంచే వచ్చింది.

ఆ సందును పూడ్చాలని చట్టం ప్రయత్నించింది. 1939 మోటారు వాహనాల చట్టం రవాణా బండ్లకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. ఇప్పుడున్న 1988 చట్టంలో అది 56వ సెక్షను. బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఎఫ్‌సీ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. చాలామంది యజమానులు "ఎఫ్‌సీ ఉందిగా" అని ధీమాగా ఉంటారు. కానీ ఎఫ్‌సీ చెప్పేది పరీక్ష జరిగిన ఆ ఒక్క రోజు సంగతి. మిగిలిన రోజుల సంగతి 190వ సెక్షనులో ఉంది.

ఆ సెక్షనును సభ్యులంతా శ్రద్ధగా గమనించాలి. ప్రమాదకరమైన లోపంతో బండి నడిపినవాడూ, నడిపించినవాడూ, నడపనిచ్చినవాడూ అందరూ దాని కిందికి వస్తారు. లోపం తెలిసి ఉండాలన్న నియమం కూడా లేదు. మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదైనా చాలు. 2019 సవరణ తర్వాత దీనికి జరిమానా 1,500 రూపాయలు. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంటే "నాకు తెలియదు" అన్న మాట డ్రైవరునూ కాపాడదు, ముదలాళినీ కాపాడదు. అధిక లోడు విషయంలో చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. డ్రైవరు పట్టుబడితే, అది యజమానికి తెలిసే జరిగిందని కోర్టు అనుకోవచ్చని 113వ సెక్షను చెబుతోంది.

కోర్టులు ఏమన్నాయో కూడా చూద్దాం. బ్రిటన్‌లో ఒక లారీ బ్రేకు గొట్టం తుప్పుపట్టి చిల్లుపడింది. వాలులో బ్రేకు పట్టక ఒక మనిషి చనిపోయాడు. గొట్టాన్ని పూర్తిగా ఊడదీస్తే తప్ప ఆ తుప్పు కనపడదు. మామూలు తనిఖీలన్నీ చేయిస్తూనే ఉన్నామని యజమానులు చెప్పుకున్నారు. 1969లో అక్కడి ప్రభువుల సభ ఒప్పుకోలేదు. ఆ బండి అంతకుముందు ఏ సరుకులు మోసిందో, తుప్పు తెచ్చేవి ఏమైనా ఉన్నాయో యజమానే చెప్పాలి కదా అంది. మన సుప్రీంకోర్టు కూడా 1977లో మిను బి. మెహతా కేసులో ఇదే దారి పట్టింది. యంత్రలోపం వల్లే ప్రమాదం జరిగిందని వాదించే యజమాని, తాను తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఆ లోపం బయటపడలేదని తానే రుజువు చేసుకోవాలని చెప్పింది.

రుజువు అంటే కాగితం. మన బండ్లలో లేనిది అదే.

చూసే పని మనవాళ్లకు కొత్త కాదు. పాతకాలపు క్లీనరు రాడ్డుతో టైరు మీద కొట్టి, చప్పుడు బట్టి గాలి చెప్పేవాడు. నట్టు చుట్టూ తుప్పు చార కనపడితే అది వదులైందని పసిగట్టేవాడు. గాలి ట్యాంకులో చేరిన నీళ్లు వదిలి, బ్రేకు తొక్కించి, ఎక్కడైనా బుస వినపడుతుందేమోనని చెవి పెట్టేవాడు. ఇప్పుడు చాలా బండ్లలో క్లీనరు లేడు. జీతం మిగిలింది, ఆ చెవి పోయింది. ఆయుధపూజ నాడు చక్రం కింద నిమ్మకాయ పెట్టడం మాత్రం ఎవరూ మానలేదు. పెట్టండి, మంచిదే. వంగినప్పుడు ఆ టైరు కూడా చూడండి.

ఇందులో అసలు చిక్కు బత్తా. బండి బాగాలేదని ఆపిన డ్రైవరుకు ఆ రోజు బత్తా పోతే, మరుసటిసారి అతను ఆపడు. లోపం కనపడినా కళ్లు మూసుకుని ఎక్కుతాడు. కనుక చూడటం డ్రైవరు పని, చూసి చెప్పినదాన్ని బాగుచేయించడం యజమాని పని, చేసిన పనికి పూచీ మెకానిక్కుది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మిగతావాటికి బదులు కాదు.

మన సభ్యుల బండ్లన్నిటిలో ఒక నోటు పుస్తకం పెడదామని మా ప్రతిపాదన. బయలుదేరే ముందు బ్రేకులు, టైర్లు, నట్లు, లైట్లు, స్టీరింగు, లోడు కట్టు చూసి డ్రైవరు సంతకం పెట్టాలి. లోపం రాస్తే యజమాని దాని పక్కనే జవాబు రాయాలి. లోపం ఉందని బండి ఆపిన రోజుకు బత్తా కోయకూడదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెడుతున్నాం. యజమానులూ, డ్రైవర్లూ ఇద్దరూ రండి. ఒక్కరే వస్తే మళ్లీ పాత పేచీయే.