కంచెయు చేనును: దేశదేశముల సంప్రదాయవాదము



నేను హైదరాబాదు పాతబస్తీలోని యొక పాఠశాలయందు చాలకాలము తెలుగు చెప్పినవాడను. ఏటేట విద్యార్థులను మూసీయొడ్డున నున్న సాలార్‌జంగు ప్రదర్శనశాలకు గొనిపోవుచుండెడివాడను. అందొక గడియారము గలదు. గంట యగుసరికి దానిలోనుండి చిన్న బొమ్మ వెలువడి, గంట కొట్టి, మరల లోనికి బోవును. దానిని చూచుటకై జనులు ముందుగానే వచ్చి బల్లలపై గూర్చుందురు. ఒకయేట నొక బాలుడు ఆ గంట మ్రోగుట విని, "అయ్యా, ఈ పాతవస్తువుల నన్నిటిని దాచిన కుటుంబమువారు పాతకాలపువారా, క్రొత్తకాలపువారా?" అని యడిగెను. ఆనాడు తగిన జవాబు చెప్పలేకపోతిని. నేటి ప్రసంగము ఆ బాలునకు ఆలస్యముగ నిచ్చు సమాధానమని యెంచుడు.

రాజకీయములయందు సంప్రదాయవాదమను మాట తఱచు వినబడుచుండును. ఇంగ్లీషువారు "కన్సర్వేటివు" అందురు. ఉన్నదానిని చెడకుండ కాపాడవలెననువాడని దాని భావము. మన పెద్దలు యోగక్షేమములని రెండుమాటలు జంటగా జెప్పిరి. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. లోకమున యోగవాదులును గలరు, క్షేమవాదులును గలరు. యోగవాది తాను కట్టదలచిన యింటి పటము చేతబట్టుకొని వచ్చును. ఆ పటము పారిసునందైనను, పెకింగునందైనను, హైదరాబాదునందైనను ఇంచుమించుగ నొక్కటియే. క్షేమవాది యట్టివాడు కాడు. అతడు చేనిచుట్టు కంచెవేయువాడు. చేనిలో నేమి పండినదో చూడనిదే అతని కంచె యెట్టిదో చెప్పజాలము. అందుచేతనే సంప్రదాయవాదము పేరునకు ఒకటియైనను, దేశమునకు దేశమునకు వేఱువేఱు రూపములు దాల్చినది.

మొదట ఇంగ్లండును చూతము. ఐర్లండునందు బుట్టిన ఎడ్మండు బర్కు ఫ్రెంచివిప్లవమును ఖండించుచు 1790లో నొక గ్రంథము వ్రాసెను. పాతయింటిని కూల్చుటకంటె మరమ్మతు చేసికొనుట మేలని యతని మతము. పిమ్మటి కన్సర్వేటివులు ఆయనను తమ గురువుగా జెప్పుకొనిరి. కాని యీ బర్కే అమెరికా వలసప్రజల మొఱను సమర్థించెను. మనదేశమున వారన్ హేస్టింగ్సు చేసిన దుష్కృత్యములపై 1788 మొదలు 1795 వఱకు పార్లమెంటునందు విచారణ జరిపించెను. భారతీయులకును తమ పూర్వాచారములు, హక్కులు గలవనియు, వానిని త్రొక్కుట ధర్మము కాదనియు ఆయన వాదించెను. ఆయన శిష్యకోటిలోనివాడైన డిస్రేలీ 1867లో పట్టణములందలి కూలిజనులలో పెక్కుమందికి ఓటుహక్కు నిచ్చెను. రాజును, ప్రభువులసభను, మతసంస్థను నిలుపుకొనుటకై యడుగడుగున కొంత విడుచుట ఇంగ్లీషు క్షేమవాదుల పద్ధతి.

ఫ్రాన్సునం దట్లు గాదు. అచ్చట పాతయిల్లు విప్లవమున నేలమట్టమయ్యెను. కావున అచ్చటి క్షేమవాదికి కాపాడుకొనుటకు ఏమియు మిగులలేదు. పోయినదానిని మరల తెచ్చుటయే పని యయ్యెను. పదవ చార్లెసు 1825లో పూర్వరాజులవలె రేమ్సునగరమున అభిషేకము చేయించుకొనెను; 1830లో పత్రికల నోరు నొక్కి, ఓటుహక్కును కుదింప బూనెను. మూడుదినములలో ప్రజలు తిరుగబడగా సింహాసనము విడిచి పరదేశమున తలదాచుకొనెను. జర్మనీలో బిస్మార్కు మఱియొక త్రోవ ద్రొక్కెను. రాజ్యమును సామ్యవాదుల పాలు గానీయరాదని 1883లో పనివారికి రోగకాలపు భీమాను, 1889లో వృద్ధులకు పింఛనును శాసనముల ద్వారా ఏర్పఱచెను. జపానునం దింకను వింత. 1868లో చక్రవర్తి పూర్వాధికారమును పునరుద్ధరింతుమని బయలుదేఱినవారే 1871లో సామంతరాజ్యముల నన్నిటిని రద్దుచేసి, 1876లో సామురాయిల నడుమున వ్రేలాడు కత్తులను సైతము తీయించిరి. అమెరికాలో రాజే లేడు. రాజును కాదన్న తిరుగుబాటునుండి పుట్టిన 1787 నాటి రాజ్యాంగమే అచ్చటి క్షేమవాదికి కాపాడవలసిన పూర్వసంపద. చూచితిరా! ఒకదేశమున విప్లవకారుడు వ్రాసినదానినే మఱియొక తరమున సంప్రదాయవాది తలదిండుక్రింద దాచుకొనుచున్నాడు.

ఇక మన యింటికి వత్తము. ఆ బాలుడడిగిన కుటుంబమునకు మూలపురుషులలో ముఖ్యుడు మొదటి సాలార్‌జంగు, మీర్ తురాబ్ అలీఖాన్. 1853లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, నిజామునకు దివానుగా నియుక్తుడై, 1883 ఫిబ్రవరిలో కలరాచే మరణించువఱకు ముప్పదియేండ్లు రాజ్యభారము మోసెను. ఆయన పదవికి వచ్చిన నెలలోనే బేరారు ఇంగ్లీషువారి యధీనమయ్యెను. ఖజానా వట్టిది. జిల్లాలలో శిస్తువసూలు ఇజారాదారుల చేతులలో నుండెను. అప్పులిచ్చిన అరబ్బు, రోహిల్లా సర్దారులు తాలూకాలనే కుదువపెట్టుకొని కూర్చుండిరి.

ఇట్టి స్థితిలో ఆయన చేసినదేమి? దర్బారునందు మొగలాయి మర్యాదలు చెక్కుచెదరకుండ నిలిపెను. ఫారసీభాషను రాజభాషగ నుంచెను. ఆయన పోయినపిదపనే ఆ స్థానమునకు ఉర్దూ వచ్చినది. పైగాల జోలికిని, జాగీరుల జోలికిని పోలేదు. కాయస్థులగు మాల్‌వాలావారు, మహారాష్ట్రబ్రాహ్మణులగు రాయేరాయలువారు తరతరములుగ నడుపుచున్న పాత దఫ్తరులను మూసివేయలేదు. వారి బిరుదులను, రాబడిని తీసివేయలేదు. కాని ఆ దఫ్తరుల ప్రక్కనే క్రొత్త కచేరీలను నెలకొల్పెను. జీతగాండ్రగు తాలూకుదారులను నియమించెను. 1865లో జిల్లాబందీ యేర్పాటుచేసి ఖాల్సాభూములను జిల్లాలుగా విభజించెను. దారుల్ ఉలూమ్ పాఠశాల ఆయన కాలముననే వెలసినది. 1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలు వచ్చినది. క్రొత్త కచేరీలకు ఉత్తరహిందూస్థానమునుండి విద్యావంతులను రప్పించెను గాని, దర్బారు మర్యాదలయందును, పాతయమీరుల లోకమునందును వారిని జొరబడనీయలేదు. పాతగోడ నట్లే యుంచి దాని వెనుక క్రొత్తయిల్లు కట్టినట్లు ఆయన పరిపాలన సాగినది.

ఈ క్షేమవాది 1876లో ఇంగ్లండునకు వెళ్లెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవపట్ట మొసంగినది. ఆయన మనసులోని కోరిక బేరారును తిరిగి పొందుట. అప్పుడు లండనునందు ప్రధానమంత్రి యెవరు? కన్సర్వేటివు నాయకుడగు ఆ డిస్రేలీయే. పెద్దలారా, ఇచ్చట ఒక్కక్షణము నిలువుడు. ఆసఫ్‌జాహీ వంశపు పూర్వరాజ్యమును కాపాడుకొనవలెనని సముద్రము దాటిన యొక రక్షకుడు. బ్రిటిషు సామ్రాజ్యమును కాపాడవలెనని పీఠమెక్కి కూర్చున్న మఱియొక రక్షకుడు. ఇద్దఱిది నొక్కటే సిద్ధాంతమగునెడల బేరారు ఎన్నడో తిరిగి వచ్చియుండవలసినది. రాలేదు. 1902లో కర్జనుప్రభువు కాలమున శాశ్వతపు కౌలు పేర అది పూర్తిగ చేయిజాఱినది. కర్జనును కన్సర్వేటివు కక్షివాడే. దేశదేశముల సామ్యవాదులు ఒకరినొకరు "సోదరా" యని పిలుచుకొందురు. సంప్రదాయవాదుల కట్టి బంధుత్వము కుదురుట అరుదు. ఒకని కంచె మఱియొకని చేనికి అడ్డుగ నుండును.

సాలార్‌జంగు నేర్పును పొగడవలసినదే. కాని యాతడు తాకక విడిచినదాని మాట గూడ చెప్పవలయును. క్రొత్త శిస్తుపద్ధతి ఖాల్సాభూములకే పరిమితమయ్యెను. రాజ్యమున సుమారు మూడవవంతుగ నున్న జాగీరులలో పాతతంత్రమే నడచినది. వసూలుపని పోయిన దేశ్‌ముఖులకును, దేశ్‌పాండ్యాలకును రుసుము లిచ్చి గౌరవము నిలిపిరి. గ్రామలెక్కలు వారికి తెలిసినవే గనుక, సర్వేలు జరిగినకాలమున వారిలో పలువురు వేలకొలది యెకరములను తమ పేర వ్రాయించుకొనిరి. నగరమున దర్బారు మర్యాద చెడకుండుటకు తెలంగాణపు పల్లెలో రైతును, వెట్టివాడును వెల చెల్లించిరి. ఆ వెట్టి సంగతి మీ తండ్రితాతలు మీకు చెప్పియే యుందురు. 1946 మొదలు 1951 వఱకు జరిగిన సాయుధపోరాటమునకు మూలము లందే కలవు. 1949 ఆగస్టులో జాగీరులు రద్దగుసరికి ఆ ప్రాతగోడ కూలినది. కంచెయే చేను మేసినదని మన సామెత. మేత మొదలైననాడే చూచియుండినచో అంత నష్టము కలుగకపోయెడిది.

అట్లని కాపాడుట ప్రభువుల సొత్తే యనుకొనరాదు. బలహీనులకును క్షేమ మవసరమే. ఉర్దూభాషకు రాజాదరముండిన యీ నగరమున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండపత్రిక స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరన్న యాక్షేపమునకు జవాబుగ 1934లో గోలకొండ కవులసంచికను వెలువరించి, మూడువందల యేబదిమందికి పైగా కవులను లోకమునకు జూపిరి. వారు నిలుపుకొన్నది సింహాసనము గాదు, తల్లిభాష. సాధనములు మాత్రము క్రొత్తవి: గ్రంథాలయము, అచ్చుయంత్రము, సభ.

స్వతంత్రము వచ్చినపిమ్మట మనదేశమున సంప్రదాయవాదపక్ష మనదగినదానికి మొదటి యధ్యక్షుడు మన తెలుగువాడే యగుట మీలో కొందఱికి జ్ఞాపకముండును. గుంటూరుజిల్లా నిడుబ్రోలున బుట్టిన ఆచార్య గోగినేని రంగనాయకులుగారు 1930 దశకమున వెంకటగిరి మొదలగు జమీందారీల రైతుల పక్షమున నిలిచి జమీందారులతో పోరాడిరి. పాతవ్యవస్థను కూల్చువారిలో ఆయన ముందువరుసవాడు. 1959 జనవరిలో నాగపురమున కాంగ్రెసుమహాసభ సహకారపద్ధతిపై ఉమ్మడిసేద్యము రావలెనని తీర్మానించినది. రైతు తన పొలమును కోల్పోవునని భయపడి రంగాగారు రాజాజీతో గలిసి ఆ యేటనే స్వతంత్రపార్టీని నిలిపిరి. 1962లో ఆ పక్షమునకు లోకసభయందు 18 స్థానములును, 1967లో 44 స్థానములును లభించినవి. అప్పుడు ప్రతిపక్షములలో అదియే పెద్దది.

ఆ పక్షములో నెవరెవరు చేరిరో చూడుడు. జయపురపు మహారాణి గాయత్రీదేవి వచ్చిరి. వారికి రాజవంశముల గౌరవము ముఖ్యము. బొంబాయినుండి మీనూ మసానీ వచ్చిరి. వారికి వ్యాపారస్వేచ్ఛ ముఖ్యము. రాజాజీకి ధర్మమర్యాదయు, ప్రభుత్వపు లైసెన్సుల బెడద తొలగుటయు ముఖ్యములు. రంగాగారికి రైతు స్వంత మడి ముఖ్యము. ఒక్క జెండా క్రింద నాలుగు కంచెలు! దేశమునకు దేశమునకే గాదు, ఒకదేశమునందే ప్రాంతమునకు ప్రాంతమునకు క్షేమవాదము మాఱునని దీనివలన దెలియుచున్నది. ఆ పొత్తు చిరకాలము నిలువలేదు. 1974లో ఆ పక్షము మఱియొక కూటమిలో లీనమైనది. రంగాగారు అంతకుముందే కాంగ్రెసునకు మరలిరి.

మఱి గ్రామపెద్దల కీ చరిత్రతో నేమి పని? పని గలదు. ఎన్నికలవేళ నొకరు వచ్చి "మన పూర్వమర్యాదను కాపాడుకొందము" అందురు. ఇంకొకరు వచ్చి "పాతదంతయు పాడుసంత" అందురు. రెండు మాటలును ఊరక మ్రింగదగినవి గావు. మొదటివానిని మూడు ప్రశ్నలడుగుడు. నీవు కాపాడదలచిన దేది? అది యెవరికి క్షేమము? దాని వెల యెవరు చెల్లింతురు? ఊరిచెఱువు కట్టను, పంచవలసిన నీటివంతును కాపాడుదు ననువానికి తోడుపడుడు. ఒకని గుమ్మము ముందు మఱియొకడు చెప్పులు విడిచి నిలువవలెనను మర్యాదను కాపాడుదు ననువానికి మాత్రము, ఆ కాలము చెల్లినదని చెప్పుడు. రెండును "పాతవే". పాతదనము ఒక్కటియే ప్రమాణము గాదు.

ఆ బాలు డిప్పుడెచ్చట నున్నాడో యెఱుగను. కలిసినయెడల నిట్లు చెప్పుదును: నాయనా, ఆ కుటుంబపు పెద్ద పాతకాలమును ప్రేమించి, దానిని నిలుపుటకు క్రొత్తకాలమును కూలికి దెచ్చినవాడు. ఆయన దాచిన వస్తువులు నిలిచినవి. ఆయన దాచగోరిన రాజ్యము నిలువలేదు. ఏల నిలువలేదో తెలియగోరుదువేని, గడియారముకడ గాదు, జాగీరు గ్రామముల రైతుబిడ్డల నడుగుము.